ఓవెన్లో కారు లైట్లు

శుక్రవారం పొద్దున మా యజమాని బాబావాళ్లు కారెక్కి పక్క ఊరు సహం వైపు వెళ్లారో లేదో, వెనక గేటు దగ్గర మా ఆయన ప్రత్యక్షమయ్యాడు. తువ్వాలులో చుట్టిన పెద్ద మూటను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, గేటు తియ్యమని కళ్లతో సైగ చేశాడు. నేను తియ్యలేదు. ఊచల సందులోంచే, ఈ వేళప్పుడు ఇక్కడ నీకేం పనని అడిగాను.

"ఓవెన్ కావాల, జైనూ," అన్నాడు. "కొంచెంసేపే."

ఖాదర్‌వలి కొంచెంసేపు సంగతి నాకు తెలుసు. నేను కువైట్లో ఉన్న రోజుల్లో కొంచెంసేపట్లో చేస్తానని ఫోన్ పెట్టేస్తే, మళ్లీ ఆ ఫోన్ ఎప్పుడు మోగుతుందో అల్లాకే తెలియాలి.

నేను పనిచేసే ఈ ఇల్లు ఒమాన్‌లో, ఖబూరా అనే ఊళ్లో సముద్రానికి దగ్గర్లో ఉంది. యజమాని హమూద్ గారు. పనివాళ్లం ఆయన్ను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తాం. ఆయన తల్లి మామా కబీర్, అంటే పెద్ద మామా. కళ్లు మసకబారి ఇల్లు పెద్దగా కదలని ఆ ముసలావిడ దగ్గర ఉండటం, వంట చూడటం నా పని. చెప్పిన పనులు చాలా ఉన్నాయి గాని ఈ ఇంట్లో నాకు పెట్టిన నిబంధన ఒక్కటే. నా తరఫు మగవాడెవడూ, మొగుడైనా సరే, గేటు దాటి లోపలికి రాకూడదు. నాకు ముందున్న శ్రీలంక అమ్మాయి ఎవరినో రానిచ్చిందని తెలిసినప్పుడు బాబా ఆమె మీద చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. టికెట్ తీసి విమానం ఎక్కించాడు. ఆయన మంచివాడే. మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది, బతిమాలుకోవడానికి సందివ్వరు.

అందుకే నేను గేటు దగ్గర కదలకుండా నిలబడ్డాను. మా ఆయన తువ్వాలు కొస తొలగించి చూపించాడు. లోపల ఏదో కారు వెనక లైట్లు, జత. ఎర్రగా, పొడుగ్గా, చేపల్లా పడుకుని ఉన్నాయి.

ఆయన పనిచేసేది ఊళ్లోనే, కార్లకు సోకులు చేసే షాపులో. అద్దాలకు ఫిల్మ్ వెయ్యడం, సీటు కవర్లు, స్టీరింగుకు తొడుగులు. ఇప్పుడు కుర్రకారంతా వెనక లైట్లు నల్లగా కావాలంటున్నారట. పైన నల్ల ఫిల్మ్ అంటిస్తే ఈ ఎండకు ఒక్క వేసవిలో పొలుసులు లేస్తుంది. స్ప్రే కొడితే వెలుగు చచ్చిపోయి దారిలోనే పోలీసులు ఆపుతారు. అసలైన పద్ధతి ఏమిటంటే, లైటును ఓవెన్లో సన్నగా వేడిచేసి, గమ్ము మెత్తబడగానే పై అద్దం ఊడదీసి, లోపల వెండిలా మెరిసే భాగానికి మాత్రం నల్లరంగు వేసి మళ్లీ మూసెయ్యాలి. వెలగనప్పుడు నల్లగా ఉంటుంది, బ్రేకు తొక్కితే ఎర్రగా మండుతుంది. లైట్లను ముట్టుకుంటే చాలు తనిఖీలో తప్పు రాస్తారన్న సంగతి ఈ పద్ధతికీ వర్తిస్తుందనుకోండి, అది వేరే మాట. ఈ పని ఖబూరాలో తనొక్కడికే వచ్చని మా ఆయన, షాపు నడిపే ఇనాయత్ దగ్గర గొప్పలు పోయాడు. గొప్పలు చెప్పుకునే పోటీ పెడితే మా గాలివీడు మండలానికే కప్పు తెచ్చే మనిషి ఆయన. తీరా పని ఒప్పుకున్నాక, ఈ పొద్దున షాపులో ఉన్న పాత ఓవెన్ కాయిలు కాలిపోయింది. కొత్త కాయిలు కొందామంటే శుక్రవారం, అమ్మే షాపులన్నీ మూసి ఉన్నాయి. కారు సాయంత్రానికి కావాలట.

కాకపోతే పోనీ, రేపు చేసుకోమన్నాను. అప్పుడు ఆయన తల దించుకుని అసలు మాట బయటపెట్టాడు.

"ఈ పొద్దు ఈ పని కాకపోతే నన్ను దుక్మ్‌కు పంపిస్తాడంట ఇనాయత్. వాళ్లన్న షాపులో మనిషి కావాలంట ఆడ."

దుక్మ్ అంటే ఇక్కణ్ణుంచి పగలంతా బస్సు. శుక్రవారం వచ్చి పోయే దూరం కాదు. మా పెళ్లయిన కాణ్ణుంచి నేనొక దేశం, ఆయనొక దేశం. నాకు ఈ ఇల్లు దొరికాక, ఆయన ఎవరెవరి కాళ్లో పట్టుకుని ఖబూరాలో పని వెతుక్కున్నాడు. శుక్రవారం సాయంత్రం ఓ గంట, చేపల పడవలు లాగి పెట్టిన చోట ఇసుకలో కూర్చుంటాం. కట్టుకున్న మొగుడితో మాట్లాడుతూ, తెలిసినవాళ్లెవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ ఉంటాను. ఆ గంటే నా వారం. దుక్మ్ అంటే అది కూడా పోతుంది.

గేటు తీశాను.

మామా కబీర్ తన గదిలో నిద్రపోతోంది. వంటిల్లు ఇంటి వెనక, సన్నటి నడవా చివర ఉంటుంది. ఖాదర్‌వలి లోపలికి వచ్చి, ఆ పెద్ద ఓవెన్ను చూసి ముచ్చటపడి, ట్రే మీద తడిగుడ్డ పరచమన్నాడు. రెండు లైట్లనూ పక్కపక్కనే పడుకోబెట్టాం. వేడి ఎంత పెట్టాలో ఆయనకు తెలుసు గాని, నేను తోమి తోమి ఆ మీట మీది అంకెలు ఎప్పుడో చెరిపేశాను. చివరికి చెయ్యి లోపల పెట్టి చూసి, రొట్టె వెచ్చబెట్టే వేడి చాలునా అని అడిగాను. అంతకంటే ఇంకొంచెం తక్కువ అన్నాడు. ఎక్కువైతే ప్లాస్టిక్ వంకరపోతుంది, తక్కువైతే గమ్ము వదలదు. వంకరపోతే ఆ లైట్లకు బదులు కొత్తవి కొనివ్వడం ఇద్దరం కలిసినా మా వల్ల కాదు.

మెత్తబడటానికి ముందే వాసన మొదలైంది. సైకిల్ ట్యూబు కాలిన కంపు నడవాలోకి, అక్కణ్ణుంచి లోపలి గదుల్లోకి పాకింది. మామా కబీర్‌కు చూపు ఆనకపోయినా, పక్కింట్లో వెల్లుల్లి ఒలిస్తే ఇక్కడ చెప్పే ముక్కు ఉంది. గబగబా బొగ్గు రాజేసి, ధూపం పాత్రలో పెట్టి, మామా పెట్టెలోంచి బుఖూర్ అనే మంచి సుగంధపు చెక్కపేళ్లు తీసి దాని మీద వేసి, నడవాలోనూ లోపలి హాల్లోనూ తిప్పాను. కంపు పోయింది, ఇల్లంతా గుమగుమలాడింది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఈ దేశంలో ఇంటికొచ్చినవాళ్లకు ముందు ఖర్జూరాలూ కాఫీ, తర్వాత మాటలు, అన్నీ అయ్యాక చివరికి ధూపం. ధూపం తిప్పారంటే ఇక మీరు బయల్దేరవచ్చని మర్యాదగా చెప్పినట్టు. వచ్చినప్పటినుంచీ చూస్తున్న సంగతే. ఆ కంగారులో మాత్రం నాకు ధూపమంటే కంపును కప్పే పొగ, అంతే.

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడైంది. నేను పరుగెత్తేసరికి మామా కబీర్ మంచం దిగి నిలబడి ఉంది. ఎవరు వచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. రాకపోతే ధూపం ఎవరిని పంపించడానికి వేశావంది. అదే సమయానికి వంటింట్లోంచి, పొగ గొంతులోకి పోయినట్టుంది, మా ఆయన దగ్గు వినిపించింది. మగదగ్గు.

ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏదడిగినా చెయ్యి పట్టుకునే అడుగుతుంది, అబద్ధమాడితే ఆ వణుకు ఆవిడకు తెలిసిపోతుంది. నా భర్త వచ్చాడని చెప్పేశాను. ఇక అయిపోయింది, విమానమే, అనుకున్నాను.

ఆవిడకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆయన వచ్చినందుకు కాదు. నా ఇంటికి వచ్చిన మనిషికి ఒక ఖర్జూరం పెట్టకుండా, కాఫీ చుక్క పొయ్యకుండా ధూపం వేసి సాగనంపుతావా, ఊళ్లో మా పరువేం కావాలని నన్ను తిట్టిపోసింది. ఇంటి నిబంధన ఆవిడకు తెలుసో లేదో, గుర్తుందో లేదో నాకిప్పటికీ తెలియదు. ముందు గదిలో, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో, ఆయన్ను కూర్చోబెట్టమంది. తనూ వస్తానంది. నేను నసిగేకొద్దీ గొంతు పెంచింది. పక్కింటివాళ్లు వింటారని నేను సరేనన్నాను.

వంటింట్లోకి వచ్చి విషయం చెబితే ఖాదర్‌వలి ఓవెన్ వైపు చూశాడు. లైట్లు ఇంకా లోపల ఉన్నాయి, ఇప్పుడిప్పుడే గమ్ము మెత్తబడుతోంది. ఓవెన్ ఆపితే మళ్లీ బిగుసుకుంటుంది. ఆపకుండా వదిలేస్తే కరుగుతుంది. ఆ ముసలావిడ అడిగిన రెండు మాటలకు జవాబు చెప్పి వచ్చెయ్యి, కాఫీ పోస్తూ మధ్యమధ్య నేను వచ్చి చూస్తుంటాను అన్నాను. నడవా దాటుతూ ఆయన చొక్కా దులుపుకున్నాడు, జుట్టు సవరించుకున్నాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఒమాన్‌కు వచ్చి ఇన్నేళ్లైనా ఆయన ఎప్పుడూ ఒక ఒమానీ ఇంట్లో కూర్చోలేదు. రూమ్, షాపు, రూమ్. ఇప్పుడు మెత్తటి దిండ్ల మధ్య మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, ఆ దిండ్లు ఎక్కడ మాసిపోతాయోనని వాటికి తగలకుండా కూర్చున్నాడు. మామా కబీర్ ఎదురుగా కూర్చుని, వాళ్ల పద్ధతి ప్రకారం కబుర్లు అడగడం మొదలుపెట్టింది. నీ ఊరి కబురేమిటి, వానలు పడ్డాయా, తల్లి ఉందా, ఎవరి దగ్గర ఉంది. ఆయన తన షాపు అరబ్బీలో తడుముకుంటూ జవాబు చెబుతున్నాడు. నేను కాఫీ పోస్తున్నాను. ఖాళీ అయిన చిన్న కప్పును ఆయన మర్యాదగా ముందుకు చాచాడు. చాచితే మళ్లీ పొయ్యాలి. పోశాను. మళ్లీ చాచాడు. నా కళ్ల ముందు ఓవెన్లో లైట్లు కరుగుతున్నాయి.

నేను వంగి కాఫీ పోస్తున్నట్టే పోస్తూ, వినయంగా, తెలుగులో చెప్పాను.

"కప్పు అటూ ఇటూ ఊపయ్యా. ఊపితేనే చాలని అర్థం."

"ఏం ఊపాల?" అన్నాడు అంతే వినయంగా.

"నా తల ఊపు."

కప్పు ఊపాడు. మామా కబీర్‌కు అది కనపడలేదు కాబట్టి, అతిథి ఇంకా తాగుతాడా అని నన్ను అడిగింది. చాలన్నాడని చెప్పి, కాఫీ కూజా లోపల పెట్టి వస్తానని నడవాలోకి దూకాను. మా ఆయన లేవబోయాడు గాని, ఆవిడ అప్పుడే ఆయన తల్లి మోకాళ్ల నొప్పులకు మందు చెప్పడం మొదలుపెట్టింది.

ఓవెన్ తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. ఒక లైటు అంచు కొంచెం నిగనిగలాడుతోంది. అది కరగడానికి ముందు మెరుపో, మామూలు మెరుపో నాకేం తెలుసు. ఆయన్ను పిలవడానికి లేదు, వదిలెయ్యడానికి లేదు. గుడ్డలతో పట్టుకుని బల్ల మీద పెట్టి, అట్లకాడ కొసను సందులోకి దోపి మెల్లగా ఎత్తాను. మొదట కదల్లేదు. ఇంకాస్త ఎత్తితే చిటుక్కుమంది. పగిలిందనే అనుకున్నాను. చూస్తే గమ్ము వదిలింది. బెల్లంపాకం తీగల్లా సాగుతూ అద్దం ఊడి వచ్చింది. లోపల వెండి మెరుపు. ఎక్కడా గీత పడలేదు. ఒళ్లు తేలిపోయినట్టైంది నాకు. ఆ మెరుపు చూస్తుంటే, దీన్ని నల్లగా చేసుకోవాలని ఈ పిల్లలకు ఎందుకు బుద్ధి పుడుతుందో అనిపించింది.

రెండోదాని కోసం ఓవెన్లో చెయ్యి పెట్టబోతుంటే, ముందు గేటు దగ్గర హారన్ మోగింది. బాబా హారన్. రెండుసార్లు పొట్టిగా మోగిస్తాడు.

సహంలో ఉన్న ఆయన చెల్లెలు, అమ్మ లేకుండా భోజనాలేమిటని పట్టుబట్టిందట. మిగతావాళ్లను అక్కడే దించేసి, తల్లిని తీసుకెళ్లడానికి బాబా, కొడుకు మాజిన్ వెనక్కి వచ్చారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ముందు తలుపు తెరుచుకున్న చప్పుడు, మా ఆయన చెప్పుల జత వెనక గుమ్మం దగ్గరే ఉందన్న సంగతి, ఆయన మజ్లిస్‌లో ఉన్నాడన్న సంగతి.

నేను వెళ్లేసరికి బాబా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు, చేతిలో ఖాళీ కప్పు. మామా కబీర్ ఒక్కతే హాయిగా కూర్చుని, ఇతను మన జైనబ్ భర్త, నా అతిథి, ధూపం వేసి పంపించెయ్యబోయింది పిచ్చిది, అని కొడుకుతో చెప్పింది. తల్లి నోట అతిథి అన్న మాట విన్నాక బాబా చెయ్యగలిగింది ఒక్కటే. ఆయన లోపలికి వచ్చి, మా ఆయనకు చెయ్యి కలిపి, కూర్చోమని, ఎదురుగా తనూ కూర్చుని, కబురేమిటని అడిగాడు. ఆ మర్యాద చూసే నాకు భయమేసింది. ఆ శ్రీలంక అమ్మాయి సామాను కారులో పెట్టించినప్పుడు కూడా ఆయన ఇంత మర్యాదగానే ఉన్నాడని పక్కింటి పనిమనిషి చెప్పింది.

మాజిన్ మంచినీళ్ల కోసం వంటింటి వైపు వెళ్లాడు. కాసేపటికి బాబా లేచి, తల్లితో ఏదో చెప్పి, నన్ను కళ్లతో పిలిచి తనూ అటే నడిచాడు.

వంటింట్లో మాజిన్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఇరవై దాటిన పిల్లవాడు, కాలేజీలో చదువుతున్నాడు. విప్పిన లైటు వైపు చూస్తున్నవాడల్లా మమ్మల్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నాకు వెలిగింది. వాడి కారు మొన్నటి నుంచీ ఇంట్లో లేదు. బ్రేకులు చూపించడానికి గ్యారేజీలో ఇచ్చానని తండ్రితో చెప్పాడు.

బాబా జీవితమంతా ఈ ఊళ్లో డ్రైవింగు నేర్పుతూ గడిపినవాడు. వెనక వచ్చేవాడికి నువ్వెలా కనిపిస్తున్నావన్నదే ఆయన మొదటి పాఠమని ఊళ్లో సగం మంది చెబుతారు. కారు కొనిచ్చిన రోజునే, దీనికి లేనిపోని వేషాలు వేస్తే తాళాలు తీసేసుకుంటానని కొడుక్కు చెప్పాడు. నా ఎదురుగానే చెప్పాడు.

ఆయన ఓవెన్ ఆపి, తలుపు తీసి, రెండో లైటును చూసి, ఇదేమిటని నన్ను అడిగాడు. నేను దాచలేదు. దుక్మ్ సంగతి, గేటు తీసిన సంగతి, వాసన, ధూపం అన్నీ చెప్పాను. లైట్లు ఎవరివని అడిగాడు. కస్టమరువి, ఎవరో నాకు తెలియదన్నాను. తెలియదన్నది అప్పటికి సగం అబద్ధమే. మాజిన్ పేరు చెప్పెయ్యాలనిపించింది. కానీ చెబితే నా తప్పు తుడుచుకుపోదు, వాడి తప్పు వచ్చి దాని పక్కన కూర్చుంటుంది, అంతే. నోరు మూసుకున్నాను.

బాబా కొడుకు వైపు తిరిగాడు. ఇవి ఎవరివో నీకేమైనా తెలుసా అని అడిగాడు.

"తెలియదు," అన్నాడు మాజిన్.

జ్వరమొచ్చినప్పుడు వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చేతులివి. ఒక్క మాటతో నన్ను విమానం ఎక్కించేస్తున్నాడు. లాగి చెంప మీద ఒకటివ్వాలనిపించింది. అంత కోపంలోనూ వాడు నా కళ్లలోకి చూడలేకపోవడం చూసి జాలేసింది, ఆ జాలి మీద ఇంకా కోపం వచ్చింది.

బాబా తలాడించాడు. "జైనబ్, రేపు నీ టికెట్ సంగతి చూస్తాను," అన్నాడు.

నేను ఏడవలేదు. సరేనన్నాను. అప్పటికి నడవాలోంచి వచ్చి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడని నేను చూడలేదు. ఆయన తనకొచ్చిన అరబ్బీనీ, రాని చోట హిందీనీ కలిపి మాట్లాడటం మొదలుపెట్టాడు. నిలబడి మాట్లాడుతున్నాడు గాని చేతులు రెండూ ముందు కట్టుకుని ఉన్నాడు.

"గేటు తియ్యమన్నది నేను, బాబా. ఆమె తియ్యనన్నది. నేను దుక్మ్ పోతాను. రేపే పోతాను. ఖబూరాకు మళ్లీ రాను. ఆమె మీ అమ్మ దగ్గర ఉండనీ."

పెళ్లయ్యాక నా మొగుడి నోట గొప్ప కలవని మాట వినడం అదే మొదటిసారి. ఖబూరాలో తనంతటివాడు లేడని చెప్పుకునే మనిషి, ఖబూరాకే రానంటున్నాడు. ఈ పొద్దంతా మేం దేనికి భయపడి ఈ దొంగపని చేశామో, దాన్నే తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఓవెన్ చల్లారుతూ లోపల రేకు టిక్కు టిక్కుమంటోంది. మాజిన్ మా ఆయన వైపు చూస్తున్నాడు, అంతవరకూ వాడు ఆయన్ను సరిగ్గా చూడనేలేదు. రెండడుగులు ముందుకు వచ్చి బల్ల మీది లైటు పట్టుకున్నాడు.

"ఇవి నావి," అన్నాడు.

"తెలుసు," అన్నాడు బాబా.

ఆ లైటు తీసుకుని తిప్పి, కింది అంచున సన్నటి పాత పగులు చూపించాడు. కొత్తలో కొడుకు కారును వెనక్కి తీస్తూ ఖర్జూరపు చెట్టుకు కొడితే, పోలీసు తనిఖీకి ముందు తనే కూర్చుని అతికించాడట. వంటింట్లోకి వచ్చిన నిమిషం నుంచీ తనకు తెలుసని, నువ్వు చెబుతావేమోనని చూస్తున్నానని అన్నాడు. ఆ మాటకు మాజిన్ తల ఎత్తలేకపోయాడు. మరి నా టికెట్ కూడా నన్ను పరీక్షించడానికేనా అని అడగాలనిపించింది నాకు. ఆయన మొహం చూస్తే ఆ మాట మాత్రం నిజంగానే అన్నాడని తెలుస్తూనే ఉంది.

ఆయన కొడుక్కు చెప్పింది తక్కువే. లైట్లు ఎర్రగా ఉన్నవి ఉన్నట్టే మూయించుకోవాలి. వాడే స్వయంగా షాపుకు వెళ్లి, పని వద్దనుకున్నది తనేనని, ఈ మనిషి తప్పేమీ లేదని ఇనాయత్‌తో చెప్పాలి. కస్టమరే వద్దన్నాక పని కాలేదని ఎవరినీ దుక్మ్ పంపరు. కారు తాళాలు ఆ సాయంత్రమే తనకు ఇచ్చెయ్యాలి. మాజిన్ అన్నిటికీ తలూపాడు.

మజ్లిస్‌లోంచి మామా కబీర్ కేక వినిపించింది. అతిథి ఏడీ, మాట మధ్యలో లేచిపోవడం ఏ ఊరి పద్ధతి అని. బాబా మా ఆయన్ను వెళ్లి కూర్చోమన్నాడు. మాజిన్‌ను కూడా వెళ్లి ఆయన పక్కన కూర్చోమన్నాడు.

ఇద్దరం మిగిలాక నా వైపు తిరిగాడు. "ఇన్నాళ్లలో ఒక్కసారైనా నన్ను అడగలేదేం?" అన్నాడు.

మీరు పెట్టిన నిబంధనే కదా అనాలనుకున్నాను, నోరు రాలేదు. ఆయన వెనక గేటు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. నమ్మి ఇచ్చినది నా చేతిలోంచి వెళ్లిపోతుంటే సిగ్గుతో చచ్చిపోయాను, టికెట్ అన్నప్పటికంటే అప్పుడే ఎక్కువ బాధపడ్డాను. తాళంచెవి జేబులో వేసుకుని, నీ భర్త శుక్రవారాలు ముందు తలుపునుంచి రావచ్చు, నేను ఇంట్లో ఉన్నప్పుడు, అమ్మ మేలుకుని ఉన్నప్పుడు, అని చెప్పి వెళ్లిపోయాడు. టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇక ఎత్తడని నాకు అర్థం కావడానికే కొంతసేపు పట్టింది.

మామా కబీర్ కబుర్లన్నీ అడిగి తృప్తి పడ్డాక, ఈసారి ఆవిడే చెప్పి ధూపం తెప్పించింది. మాజిన్ లైట్ల మూట పట్టుకుని గేటు దగ్గర బాబా కారు పక్కన నిలబడ్డాడు, నానమ్మను సహం తీసుకెళ్లేముందు అతిథిని షాపు దాకా దింపాలి కాబట్టి. నేను మా ఆయన్ను సాగనంపడానికి ముందు గుమ్మం దాకా వచ్చాను. ఆయన చెప్పులు వెనకనుంచి తెచ్చి కాళ్ల ముందు పెట్టాను. అంతవరకూ బిగబట్టిన కోపమంతా అప్పుడు పొంగింది.

"దుక్మ్‌కు పోతానంటివే. రేపే పోతానంటివే. నన్నొక మాట అడిగినావా?"

ఖాదర్‌వలి ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా నిలబడ్డాడు.

"అడిగితే నువ్వు పోనిస్తావా?"

"పోనియ్యను."

"అందుకే అడగల్యా," అన్నాడు. "వద్దంటావని భయపడి అడగల్యా."

వంటింట్లో బాబాకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఆయన వద్దంటాడేమోనన్న భయంతో, వద్దనిపించుకోకుండా ఉండటానికే, ఇన్ని శుక్రవారాలు నా మొగుణ్ణి ఇసుకలో కూర్చోబెట్టాను. ఎదురుగా ఈయన, గేటు దగ్గర మాజిన్, రోడ్డు మీద నమాజుకు నడిచి వెళ్తున్న మనుషులు. ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా, ఆ ముందు గుమ్మంలోనే ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను.